బిగింపు తెలిసిన చేయి

తొడ వెనక కండరాన్ని ఎముకకు కట్టే టెండన్ తెగిన ఫుట్‌బాలర్లను యూరప్ క్లబ్బులు తరచూ పంపేది ఫిన్లాండ్‌లోని తుర్కు నగరానికి. అక్కడి సర్జన్ సకరి ఒరవ దగ్గరే 2010లో డేవిడ్ బెక్‌హామ్ మడమ పైనున్న టెండన్ కుట్టించుకున్నాడు. కానీ ఒరవ పనితనం చూడాల్సింది ఆ తొడ వెనక కండరంలో, హ్యామ్‌స్ట్రింగ్‌లో.

హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసిన ప్రతివాళ్లకూ కత్తి అక్కర్లేదు. కండరం కొద్దిగా చిరిగితే విశ్రాంతి, ఫిజియోథెరపీ సరిపోతాయి. టెండన్ ఎముక నుంచి ఊడొచ్చినప్పుడు కథ వేరు, కత్తి పట్టాల్సి వస్తుంది.

ఆటగాణ్ణి బోర్లా పడుకోబెట్టి, పిరుదు కింది మడతలోనే కోత పెడతారు. పిరుదు కండరాన్ని కోయరు, అంచు పట్టి పైకెత్తుతారు. పేరుకున్న రక్తం తీసేశాక, కూర్చున్నప్పుడు మన బరువు మోసే ఎముక కనిపిస్తుంది. టెండన్ దాన్ని వదిలి కిందికి జారిపోయి ఉంటుంది. ఆ పక్కనే కాలికి ప్రాణమైన సయాటిక్ నరం. ముందు దాన్ని వెతికి, భద్రం చేసుకున్నాకే టెండన్ మీద చెయ్యి వేస్తారు. గాయమై నెలలు గడిస్తే నరమూ టెండనూ మచ్చలో కలిసి అతుక్కుపోతాయి. అప్పుడు వాటిని విడదీయడమే పెద్ద పని.

ఎముక పైభాగాన్ని రక్తం చెమర్చేదాకా గీకుతారు. టెండన్ మళ్లీ అతుక్కోవాల్సింది ఆ పచ్చిదనానికే. ఎముకలో చిన్న యాంకర్లు దింపి, వాటి దారాలను టెండన్‌లోకి అల్లి, మోకాలు వంచి ఉంచి ముడి బిగిస్తారు. నాకు అన్నిటికన్నా అబ్బురం ఈ బిగింపే. వదులైతే పరుగులో బలముండదు, మరీ లాగితే కాలు చాపినప్పుడు కుట్టు మీద భారం పడుతుంది. ఎంత లాగాలో చేతికే తెలియాలి.

టెండన్ తెగకపోయినా కూర్చుంటే, వేగంగా పరిగెత్తితే పిరుదులో నొప్పి వచ్చే ఆటగాళ్లుంటారు. తోటి సర్జన్ యాక్కో పురనెన్‌తో కలిసి ఒరవ 1988లో ఈ బాధకు హ్యామ్‌స్ట్రింగ్ సిండ్రోమ్ అని పేరుపెట్టి, టెండన్ దగ్గర బిగుసుకున్న పట్టీ సయాటిక్ నరాన్ని నొక్కుతోందని చూపించాడు. ఆ పట్టీని కోసి నరానికి చోటివ్వడమే చికిత్స. ఎక్కడో నొప్పి, ఇంకెక్కడో కారణం. దాన్ని పట్టుకున్న చూపుకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

2017 సెప్టెంబరులో, బార్సిలోనాలో చేరిన కొద్ది వారాలకే, ఉస్మాన్ డెంబెలె ఎడమ తొడ టెండన్ తెగింది. ఒరవ కుట్టాడు. 2020 ఫిబ్రవరిలో కుడి తొడ వంతు. ఈసారి తుర్కులోనే సర్జన్ లస్సె లెంపైనెన్ ఆపరేషన్ చేశాడు. ఆపైన నెలల తరబడి ఫిజియోలతో సాధన. వేగమే ఆస్తిగా ఆడే ఆ వింగర్ 2025లో పీఎస్‌జీతో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు, అదే ఏడాది బాలన్ డోర్ అందుకున్నాడు.