సిద్ధాంతవ్యాసములు – పాఠకలోకము

విశ్వవిద్యాలయములలో తెలుగు పరిశోధనము పెరిగినది. దానిని చదువువారు మాత్రము ఆ మేరకు పెరుగలేదు. సిద్ధాంతవ్యాసము స్వభావముచేతనే నీరసమని కొందఱందురు. ఉస్మానియాలో వెలసిన బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’, సి. నారాయణరెడ్డిగారి ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ పట్టములకై వ్రాసినవే గదా! రెండును అచ్చుపడి, పరీక్షకులను దాటి సాహిత్యప్రియుల చేతికి వచ్చినవి.

నేడు ప్రకాశకుడు దొరకకున్నను వ్యాసము దాగియుండ నక్కఱలేదు. గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడపు ‘శోధగంగ’లో ఉంచుటకై వ్యాసప్రతుల నీయవలెనని యూజీసీ 2009లో నియమము చేసెను. అందున్నదానిని ఢిల్లీలోనివాడు వెల యీయకయే చదువగలడు. ఇది చిన్న మేలు గాదు. కాని వెదకిచూడుడు! తెలుగు శీర్షికలు పెక్కులు రోమను లిపిలో, తలకొక వర్ణక్రమముతో నున్నవి. ‘గేయ’ శబ్దములోని దీర్ఘమును ఒకరు రెండక్షరములతో, మఱొకరు ఒక్కదానితో వ్రాయుదురు. లోపలి పుటలు అనేకచోట్ల ఛాయాచిత్రములు, కానిచో యూనికోడునకు పూర్వపు ఫాంట్లలో కూర్చినవి. కంటికి తెలుగే, యంత్రమునకు మాత్రము అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు. తలుపు తెఱచి దీపమార్పినట్లున్నది.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ‘ఒకే దేశము, ఒకే చందా’ పథకమునకు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. దాదాపు 13,000 పత్రికలను మనవారు చదువుటకై యింత వ్యయము! మనవారి పరిశోధనమును ఇతరులు చదువుట కేమి చేసితిమి?

మార్గము కొత్తది కాదు. 1901–1953 నడుమ వెలువడిన భారతీయ సాహిత్యమునకు సాహిత్య అకాడెమీ కేశవన్, కులకర్ణిగార్ల సంపాదకత్వమున జాతీయ గ్రంథసూచిని 1962 నుండి సంపుటములుగా ప్రకటించెను. శీర్షికలకు ఏకరీతి రోమను రూపము, క్లుప్తముగా ఆంగ్ల వివరణము. గ్రంథమేమిటో ఒకటి రెండు పంక్తులలో చెప్పవలసివచ్చుట సంపాదకునకు శిక్ష, చదువరికి వరము. సిద్ధాంతవ్యాసములకును అట్టి సూచి కావలెను: శీర్షిక తెలుగు లిపిలో, నియతమైన రోమను రూపముతో, నూఱేసి మాటల సారము హిందీలోను, ఆంగ్లములోను. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆధునిక భారతీయ భాషల శాఖలో తెలుగు, తమిళము, వంగము ఒక్క కప్పు క్రిందనే యున్నవి. పల్లెపాటలపై పనిచేయు వంగ విద్యార్థి రామరాజుగారి వర్గీకరణమును తన సామగ్రితో పోల్చుకొనగలిగినచో, అతడు పొరపాటని త్రోసిపుచ్చినను నాకు సంతోషమే.

ఆ సారమును గుమాస్తా వ్రాయరాదు, పరిశోధకుడే వ్రాయవలెను. పర్యవేక్షకుడు దానిని చదివి ఒప్పుకొన్న పిదపనే వ్యాసము పరీక్షకు పోవలెను.