వలసపోయిన పూర్వికుడు: వంశచరిత్ర రచన

తెలుగు కావ్యములకు వంశవర్ణనము క్రొత్త కాదు. నన్నయ భారతమును ఆరంభించుచు రాజరాజనరేంద్రుని చాళుక్యవంశమును ప్రశంసించెను. పెద్దన మనుచరిత్రమున కృష్ణరాయల తుళువవంశమును చంద్రునివరకు కొనిపోయెను. తరువాతి ప్రబంధములలో కృతిపతి తాతముత్తాతల ప్రసక్తి లేని అవతారిక అరుదు. కవులును ఆశ్వాసాంత గద్యములలో తమ తండ్రిపేరు చెప్పుకొనిరి. సంప్రదాయ మింత నిండుగా నున్నను, అందు వంశము గలవాడనగా కృతిని అందుకొనగలవాడే. నేతగాడును, చెప్పులు కుట్టువాడును, బరువులు మోయువాడును లోకమున తాతలు గలవారే. సాహిత్యమున మాత్రము వారికి తాతలు లేరు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున జేడర దాసయ్య వంటి నేతగానికి స్థానమిచ్చిన మాట నిజము. కాని ఆ స్థానము భక్తునిది. అతడు నేసిన వస్త్రము శివునికి చేరినందున అతడు కథలోనికి వచ్చెను గాని, ఒక కుటుంబమునకు మూలపురుషుడై కాదు. సామాన్యుని జీవితమును అతని సంతతి వెదకి వ్రాయుట అను ప్రక్రియకు తెలుగున ప్రాచీనమైన నమూనా లేదు. నేడు ఆ రచనకు పూనుకొనువాడు క్రొత్తత్రోవ త్రొక్కుచున్నాడని గ్రహించిననే అతని కష్టము విమర్శకునకు తెలియును.

ఈ కష్టము స్వగ్రామమున నిలిచిన కుటుంబముల కంటె వలసపోయిన కుటుంబములకు హెచ్చు. సూరత్తునందు తాపీనదికి ఉత్తరపు గట్టున నున్న అమ్రోలిని ఉదాహరణముగా గైకొనవచ్చును. మరమగ్గముల శాలలకును, పరరాష్ట్రములనుండి వచ్చిన కార్మికులకును ఆ పేట ప్రసిద్ధము. వారిలో ఒడిషాలోని గంజాము జిల్లావారు అనేకులు. ఆ గంజాము 1936 వరకు మద్రాసు రాజధానిలో చేరిన సీమ. తెలుగుమాట వినబడు సీమ. తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలీలు సూరత్తులోని లింబాయత్తు మొదలగు పేటలలో నివాసము లేర్పరచుకొనిరి. నగర పురపాలక సంఘము నడపు పాఠశాలలలో తెలుగు మాధ్యమమునకు చోటు కలుగుటయే ఆ సమూహము ఎంతటిదో తెలుపును. ఇట్టి పేటలలో పెరిగినవాడు దక్షిణదేశపు తన ముత్తాత ఎవడని అడిగినచో, అతనికి దొరకు సమాధానము లెట్టివి? వాటిలో సాహిత్యమునకు పనికివచ్చునది ఎంత?

మొదటి సమాధానము కులపురాణము. పద్మశాలీలకు మార్కండేయ మహర్షి మూలపురుషుడు. ఆయన కుమారుడు భావనాఋషి. భావనాఋషి సంతతినుండి నూటొక్క గోత్రములు. కూనపులివారు చేర్యాల నకాశీలు చిత్రించిన పొడవైన పటమును విప్పుచు ఈ కథను పాడుదురు. కళాదృష్టితో చూచినచో ఇది గొప్ప సంపద. మగ్గమునకును, నూలునకును దివ్యజన్మము కల్పించి, వృత్తికి గౌరవమును నిలిపిన కథ ఇది. కాని వంశచరిత్రకారునికి దీనివలన కలుగు నష్టము గూడ కలదు. పటముమీది ఋషికిని, మరమగ్గము నడపు మనుమనికిని నడుమ జీవించిన మనుష్యులందరు ఇందు అదృశ్యులైరి. ఏ కరవులో ఎవడు ఊరు విడిచెనో, ఎవడు ఎవనికి బాకీ పడెనో, ఏ తల్లి ఎందరు బిడ్డలను పోగొట్టుకొనెనో పటము చెప్పదు. ప్రబంధావతారికయు రాజును చంద్రునితో ముడివెట్టి ఇట్టి పనియే చేసినది. కృతిపతి కొకటియు, కులమున కొకటియునైన ఈ రెండు నమూనాలు పూర్వికుని పెద్దచేయును గాని అతనిని మనుష్యునిగా చూపవు.

రెండవ సమాధానము ప్రభుత్వపత్రములు. కర్నల్ మెకంజీ (1754-1821) కొరకు కావలి సోదరులు మొదలగువారు సేకరించిన కైఫియతులలో గ్రామముల పుట్టుక, దేవాలయములు, అగ్రహారములు, పాలకుల వరుస విరివిగా లభించును. నేతగాండ్రు అందు కనబడినను పన్నుచెల్లించు మగ్గముల లెక్కగా కనబడుటయే అధికము. నిజాము రాజ్యమున రికార్డుల భాష ఫారసీ, తరువాత ఉర్దూ. సేత్వారులును పహాణీలును భూమి గలవాని పేరు చెప్పును గాని, గుంటెడు నేల లేని సాలెవానిని ఎరుగవు. జనాభా నివేదికలలో కులములవారి సంఖ్యలు నిలిచినవి. మనుష్యుల పేర్లు నిలువలేదు.

ఇచ్చట ఒక విచిత్రము గమనింపదగినది. సముద్రము దాటిన కూలికి ఆధారములు హెచ్చు. నది దాటిన నేతగానికి తక్కువ. 1860లో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ ఆ సంవత్సరము నవంబరు 16వ తేదీన నేటాలు చేరెను. అట్టి ఓడల జాబితాలలో ప్రతి కూలికి పేరు, తండ్రిపేరు, ఊరు, కులము, వయస్సు, శరీరముమీది గుర్తులు వ్రాయబడినవి. మారిషసులోని మోకాయందు మహాత్మాగాంధీ సంస్థ భద్రపరచిన వలసపత్రములును ఇట్టివే. మనుష్యుని సరకుగా ఎంచిన వ్యవస్థయే అతని సంతతికి అతని జాడను మిగిల్చినది. ఇటు 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు పొగబండి వచ్చి, హైదరాబాదు రాజ్యము బొంబాయి మార్గముతో కలిసినది. మగ్గము విడిచి ఆ బండి నెక్కినవానిని ఏ రేవున ఎవరును ఆపలేదు. కనుక అతని పేరును ఎవరును వ్రాసికొనలేదు. బొంబాయి, షోలాపురము, భివండి, సూరత్తు అను మజిలీలలో అతడు టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు మాత్రమే. స్వేచ్ఛగా పోయినవానికి చరిత్ర లేకుండుట అను ఈ వైపరీత్యమును గుర్తింపని వంశచరిత్ర తన సామగ్రినే ఎరుగదు.

ఇటీవల వెలువడిన రెండు గ్రంథములు ఈ సమస్యను ధైర్యముగా ఎదుర్కొనినవి. రెండును ఆంగ్లమున పుట్టినవే యైనను తెలుగునేల కథలు. వై. బి. సత్యనారాయణ 2011లో ప్రకటించిన గ్రంథమును పి. సత్యవతి "మా నాయన బాలయ్య" అను పేర తెలుగు చేసిరి. కరీంనగరు జిల్లా వంగపల్లిలో మాదిగ కులమున పుట్టిన ముత్తాత నరసయ్యతో ఆ కథ ఆరంభమగును. అతని చేతిపనికి మెచ్చి నిజాము ఏబదియెకరముల నేల నిచ్చెననియు, ఊరి దొర అందు నలువదియెనిమిది యెకరములు లాగికొని రెండు మాత్రము విడిచెననియు గ్రంథకర్త చెప్పును. పిమ్మటి తరములు ఊరు విడిచి రైల్వేకొలువును, దానివెంట చదువును చేపట్టినవి. ఈ కథయొక్క బలము ఆ రెండంకెలలో నున్నది. ఏబదియెకరములతో ఆగినచో అది మరియొక అవతారిక. దొర లాగికొనినదానితో ఆగినచో అది వట్టి ఫిర్యాదు. మిగిలిన రెండెకరములనుండి రైలుపట్టాల దాక నడచుటవలన అది చరిత్ర యైనది. కాని ముత్తాతల ఘట్టములలో రచన నవలా ధోరణి పట్టి, విన్నమాటకును ఊహకును నడుమ గీత సన్నగిల్లినట్లు తోచును. చూడని తరముల దుఃఖమును చూచినట్లు చెప్పుట పాఠకుని కదిలించును గాని, వంశచరిత్రయొక్క ప్రామాణ్యమును కొంత తగ్గించును.

2017లో వెలువడిన గిడ్ల సుజాత గ్రంథము "యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్" మార్గము వేరు. న్యూయార్కు నగరమున భూగర్భ రైలులో కండక్టరుగా పనిచేయుచు ఈమె తన మేనమామ కె. జి. సత్యమూర్తి జీవితమును, తల్లి మంజుల జీవితమును వారి నోటనే విని, నమోదు చేసి వ్రాసెను. శివసాగర్ అను పేర కవియై, విప్లవోద్యమ నాయకుడై, 2012లో మరణించిన సత్యమూర్తి తెలుగు పాఠకులకు సుపరిచితుడు. టేకు కొరకు అడవి నరికించినప్పుడు వనవాసులైన ముత్తాతలు చెరువు ప్రక్కకు వచ్చి శంకరపాడు అను ఊరు కట్టుకొనిరనియు, క్రమముగా నేల పోగొట్టుకొని అంటరానివారుగా లెక్కింపబడిరనియు ఆ కుటుంబ స్మృతి. ఈ భాగము కొలది పుటలలోనే ముగియును. ఆ క్లుప్తత లోపము కాదు, గుణమే. కుటుంబమునకు తెలిసినంత చెప్పి, తెలియనిచోట ఊరకుండుట ఈ ప్రక్రియకు మొదటి మర్యాద.

ఈ మర్యాద తెలుగు విమర్శకు తెలియనిది కాదు. గురజాడ శ్రీరామమూర్తి కవిజీవితములను కూర్చినపుడు చాటుకథలను ఆదరముతో చేర్చుకొనిరి. వీరేశలింగము పంతులు ఆంధ్రకవుల చరిత్రమున గ్రంథస్థ ప్రమాణములను శాసనములను ముందు నిలిపి, ఆ కథలను ప్రశ్నించిరి. శ్రీరామమూర్తి లేనిచో కథలు నశించెడివి. వీరేశలింగము లేనిచో కథలే చరిత్రగా చెలామణి యయ్యెడివి. కవుల విషయమున జరిగిన ఆ వడబోత సామాన్యుని పూర్వికుని విషయమున ఇప్పుడు జరుగవలసి యున్నది. కులపురాణమును పురాణముగా, అవ్వ చెప్పినమాటను అవ్వమాటగా, పత్రమును పత్రముగా వేరువేరు గొంతులతో వినిపింపగల రచనయే నిలుచును.

సూరత్తులోని తెలుగుకుటుంబమునకు అట్టి రచన అసాధ్యమా? కాదు. ఇంటిపేరు చాలచోట్ల ఊరిపేరు. అది ముత్తాత వదలిన మొదటి జాడ. గోత్రము పెండ్లిసంబంధములకు దారి చూపి, చుట్టరికముల ద్వారా ఊళ్లను చూపును. గుర్జరదేశపు ఆచారము మరియొక ఉపకారము చేయుచున్నది. అక్కడ మనుష్యుని పేరు, తండ్రిపేరు, ఇంటిపేరు వరుసగా వ్రాయుదురు. తెలుగుదేశమున ఇంటిపేరు పొడియక్షరమై ముందు నిలిచి తండ్రిపేరు దాగిపోవుచుండగా, సూరత్తు బడి రిజిస్టరున తండ్రిపేరు ప్రత్యక్షముగా నిలుచును. రెండు తరముల రిజిస్టరులు చేర్చినచో తాత దొరకును. పరదేశపు లిపిలో తెలుగుతాత భద్రముగా నుండుట వింతగా తోచును గాని, ఆధారమునకు భాషాభేదము లేదు.

స్త్రీల విషయమున మాత్రము ఈ పద్ధతులన్నియు సమానముగా విఫలములు. అవతారికలో భార్య పేరు అలంకారము. పటముమీద ఆమె దేవి. రిజిస్టరున ఆమె లేదు. పెండ్లితో ఇంటిపేరు మారుటచేత మూడవ తరమునకు అవ్వ పుట్టింటి జాడ చెరగిపోవును. ఆమె నోటిమాటయే ఆమెకు ఆధారము. ఆ నోరుండగానే వినవలెను. గిడ్ల సుజాత తన తల్లికథకు మేనమామ కథతోపాటు చోటిచ్చుట ఈ దృష్టితో గొప్ప మేలు.

ఆలస్యమునకు ఫలితము కఠినము. 1982 జనవరిలో బొంబాయి బట్టలమిల్లులలో ఆరంభమైన సమ్మె తరువాత పని మరమగ్గముల కేంద్రములకు మరలినపుడు ఎన్ని కుటుంబములు చెదరెనో ఏ గ్రంథమును పేరుపేరున చెప్పదు. 1994 సెప్టెంబరులో సూరత్తున మహమ్మారి భయముచే లక్షలమంది నగరము వదలి పరుగెత్తిరి. 2006 ఆగస్టులో తాపీ పొంగి నగరమున అధికభాగమును ముంచెత్తెను. అట్టి వేళల ఇనుపపెట్టెలోని కాగితము తడిసి పోవును. పెట్టె నెత్తిన పెట్టుకొని తిరిగిన ముసలివాని జ్ఞాపకము మరికొంతకాలము నిలుచును. దానిని వినుటకు మనుమనికి తెలుగు రావలెను. మనుమని చదువు గుజరాతీకి మరలినచో, పూర్వికుడు మరియొకమారు, ఈసారి ఇంటిలోనే, వలసపోవును.

కాబట్టి ఈ ప్రక్రియలో వెలువడు గ్రంథములను అడుగవలసిన ప్రశ్న పూర్వికుడు ఎంత గొప్పవాడని కాదు. అతడు ఏ పని చేసెను, ఏమి పోగొట్టుకొనెను, ఈ సంగతి ఎవరు చెప్పగా తెలిసినది అనునవియే ప్రశ్నలు. వీనికి నిజమైన జవాబిచ్చిన గ్రంథము పది పుటలదైనను తెలుగు అవతారికకు చాలకాలముగా కావలసిన సవరణ యగును. ఆ సవరణ రాజమహేంద్రవరమునుండియే కాక అమ్రోలినుండియు రావచ్చును. అట్లు వచ్చిననాడు విమర్శ దానిని కేవలము వలసవారి ముచ్చటగా గాక, వాఙ్మయములో భాగముగా చదువవలెను.