అరణ్యవర్ణనము – అరణ్యనీతి

ఇటీవలి కాలమున తెలుగు శాఖలలో పరిశోధక విద్యార్థులు తఱచుగా ఎన్నుకొనుచున్న విషయములలో పర్యావరణ మొకటి. ఇది హర్షింపదగినదే. కాని యిట్టి వ్యాసములు పెక్కింటిలో ఒక పొరపాటు పదేపదే కానవచ్చుచున్నది. కొన్ని యేండ్ల క్రిందట నేను పరీక్షకుడనుగా చదివిన యొక సిద్ధాంతవ్యాసమున, ప్రబంధములలోని వనవర్ణనములందు కనబడు వృక్షముల పేళ్లన్నియు అకారాదిగా కూర్పబడినవి. పట్టిక నిర్దుష్టమే. కాని దాని చివర మన ప్రాచీనకవు లెల్లరును ప్రకృతి సంరక్షకులని తీర్మానము చేయబడియుండెను. చెట్టును వర్ణించుట వేఱు, చెట్టును కాచుట వేఱు. వనము అష్టాదశ వర్ణనలకు చెందినది. లక్షణగ్రంథము కోరినది కావున కవి దానిని వర్ణించెను. సంరక్షణమను ప్రశ్న ఒకే నేలను ఇద్దఱు కోరినప్పుడే పుట్టును. అట్టి వివాదము మన కావ్యములలో ఎచ్చట నున్నదో, అచ్చటనే కవియొక్క అరణ్యదృష్టిని వెదకవలసియుండును.

అట్టి స్థలములలో మొదటిది ఆదిపర్వము చివరనున్న ఖాండవదహనము. పాండవులు తమ రాజధాని కొఱకు అడవిని కాల్చిరని సాధారణముగా చెప్పబడుచున్నది. 1967లో మరాఠీభాషలో వెలువడిన ‘యుగాంత’ యందు ఇరావతీ కర్వేగారు ఈ దహనమును సేద్యభూమికై సాగిన అటవీనిర్మూలనముగా వ్యాఖ్యానించిరి. ఈ వ్యాఖ్య బలమైనదే. అయినను గ్రంథక్రమమును ఒకసారి చూడవలెను. ధృతరాష్ట్రుడు పాండవులకు ఖాండవప్రస్థమును పాలుగా నిచ్చుట, ఇంద్రప్రస్థము వెలయుట, అర్జునుని తీర్థయాత్ర, సుభద్రా పరిణయము – ఇవియన్నియు గడచిన పిమ్మటనే అగ్ని బ్రాహ్మణరూపమున వచ్చి ఆహారమడుగును. నగర మప్పటికే యున్నది. దానికొఱకు ఈ యడవి కాలవలసిన పని లేదు. కథలో చెప్పబడిన కారణము వేఱు: శ్వేతకి యాగములలో ఎడతెగక నేయి త్రాగిన అగ్నికి కలిగిన అజీర్ణము. అనగా ఒక రాజు చేసిన మితిమీఱిన యజ్ఞమునకు అడవిలోని ప్రాణులు ఔషధములైనవి. ఈ కారణము కర్వేగారు చెప్పిన దానికంటె తేలికయైనది కాదు. అవసరము వలన కాలిన అడవికి సమాధాన మేదో చెప్పుకొనవచ్చును. ఇతరుని అతిసేవనము వలన కాలిన అడవికి ఏమి చెప్పగలము?

ఈ ఘట్టమున నా దృష్టిని మిక్కిలి యాకర్షించునది మందపాలోపాఖ్యానము. అడవి మంటలలో నుండగా, జరిత యను శార్ఙ్గకపక్షి తన నలుగురు పిల్లలను ఎలుక కన్నములో దాగుడని వేడుకొనును. కన్నములో ఎలుక తినును, బయట అగ్ని కాల్చును; ఎలుక నోట చచ్చుటకంటె అగ్నిలో పడుటయే మేలని పిల్లలు వాదించి, నీవు ఎగిరిపొమ్మని తల్లిని పంపివేయును. తుదకు అవి బ్రతికినవి. ఎట్లు బ్రతికినవి? తండ్రియైన మందపాలుడు ముందుగానే అగ్నిని స్తుతించి అభయము పొందియుండెను, పిల్లలును స్తుతించినవి. మయుడు అర్జునుని శరణువేడి బ్రతికెను. తక్షకుని కుమారుడగు అశ్వసేనుడు తల్లి ప్రాణమిచ్చి తప్పింపగా బ్రతికెను. మొత్తము ఆర్గురు. కోరిక విన్నవించుకొన నేర్చినవానికి, వాని పక్షమున పలుకువాడు గలవానికి మినహాయింపు; తక్కినవారికి దహనము. కవి దీనిని తప్పుపట్టలేదు, దాచను లేదు. వీరరసము నడుమ ఇంతటి సుదీర్ఘమైన పక్షుల సంభాషణ చోటుచేసికొనుట కథాసౌలభ్యము కొఱకే యనుకొనజాలను.

రెండవ స్థలము ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసము. యామునాచార్యుడు కుమారునకు చేయు రాజనీత్యుపదేశమున అరణ్యమును గూర్చి స్పష్టమైన విధానమే యున్నది. గడిదుర్గముల చేరువనున్న అడవులను పెంపవలెను. దేశమధ్యమున నున్నవానిని దొంగల బాధ లేకుండ నఱకింపవలెను. చెఱువులు, కాలువలు త్రవ్వించి పేదరైతునకు పన్ను సడలింపవలెనని చెప్పినదియు ఈ యుపదేశమే. ఇందు అడవిపై ప్రేమ లేదు. వనదుర్గమను ప్రయోజనదృష్టి మాత్రమే యున్నది. ఐనను భూమికి ఉపయోగములు పెక్కనియు, అవి పరస్పరము పోరాడుననియు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క తావు నిర్ణయింపవలెననియు ఎఱిగిన పాలకుని మాట యిది. వసంతవర్ణనలు వంద చదివినను ఇట్టి యెఱుక లభింపదు. పైగా రాయలు అడవిని జనశూన్యముగా భావింపలేదు. ఆటవికుల తప్పులను సరిదిద్దబూనుట మట్టిగోడను కడుగుట వంటిదను నుపమానము నేడు మనకు రుచింపదు, నాకును రుచింపదు. కాని దానివెంటనే వచ్చు హితవు గమనింపదగినది: వారియెడ కోపింపరాదు, ఆడినమాట తప్పరాదు, నమ్మకముచేతనే వారిని కూడగట్టుకొనవలెను.

ఈ నీతిని నేటి నల్లమల ప్రక్కన నిలిపి చూచినచో విచిత్రమైన తలక్రిందు కనబడును. 1983లో పులుల సంరక్షణకై ప్రకటింపబడిన నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యము 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రవిభజన పిమ్మట తెలంగాణమునకు వచ్చిన భాగము అమ్రాబాద్ పులుల అభయారణ్యమైనది. దాని విస్తీర్ణము 2,611 చదరపు కిలోమీటర్లు. వన్యప్రాణి చట్టమునకు 2006లో చేయబడిన సవరణ ఇట్టి యడవిని కోర్, బఫర్ అని రెండుగా విభజించినది. లోపలిది అంటరాని మృగభూమి. వెలుపలిది మనుష్యులును మృగములును కలిసి మనవలసిన అంచు. రాయలు లోపలి యడవిని నఱకి యంచును పెంచుమనెను. మనము లోపలి దానిని కాచి యంచును పంచుకొనుచున్నాము. చెంచుల గూడెములో? కొన్ని ఆ లోపలి భాగముననే యున్నవి. హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రకటించిన ‘ది చెంచూస్’ గ్రంథము ఈ అమ్రాబాదు పీఠభూమి చెంచులను గూర్చినదే. వారు దుంపలు త్రవ్వుకొని, తేనె తీసికొని బ్రతికినవారేగాని అడవిని పొలముగా మార్చినవారు కారు. వారి హక్కులను గుర్తించు అటవీహక్కుల చట్టమును 2006లోనే వచ్చినది. ఆ చట్టము క్రింద హక్కు కావలెనన్నచో గ్రామసభ యెదుట దరఖాస్తు పెట్టుకొనవలెను, ఆధారములు చూపవలెను. మందపాలుని స్తుతి నాకు గుర్తువచ్చుట ఇచ్చటనే. ఇదే నల్లమలలో యురేనియము త్రవ్వకముల తలంపు చెలరేగినప్పుడు తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో దానికి వ్యతిరేకముగా తీర్మానించినది. ఆ సందర్భమున మృగసంరక్షకులును చెంచులును ఒక్క పక్షమున నిలిచిరి. పులి పేర గూడెమును కదల్పవలెనన్నప్పుడు మాత్రము వారు వేఱుపడుదురు.

కావున పరిశోధకులు వృక్షనామముల నటుంచి, భూమి చేతులు మాఱు ఘట్టములను పట్టుకొనవలెనని నా మనవి. ఖాండవకథనే తీసికొన్నను అది ఆదిపర్వముతో ముగియలేదు. తల్లిని కోల్పోయిన అశ్వసేనుడు కర్ణపర్వమున తిరిగివచ్చి కర్ణుని బాణమును చేరును. కృష్ణుడు రథమును నేలకు అణచుటచే అర్జునుని కంఠము తప్పినది; కిరీటము తప్పలేదు. ఆదిపర్వపు మంటకును కర్ణపర్వపు బాణమునకును గల యీ సంబంధమును నన్నయ, తిక్కనలు ఇరువురి రచనలలో ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించిన వ్యాసము నాకింతవఱకు కంటబడలేదు.