తొమ్మిదో ఇన్నింగ్స్ మనిషి

2018 ఆగస్టు రెండో వారంలో లాస్ ఏంజిలిస్ బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్ అభిమానులు ఎక్కడ కలిసినా రెండు ప్రశ్నలే. ‘కెన్లీకి ఎలా ఉందట?’ అన్నది మొదటిది. ‘మరి తొమ్మిదో ఇన్నింగ్స్ ఎవరు వేస్తారు?’ అన్నది రెండోది. ఈ రెంటి మధ్య కాస్త ఎడం ఇచ్చినవాళ్లు మర్యాదస్తులు. ఇవ్వనివాళ్లను తప్పుపట్టడానికీ లేదు. ఆ మనిషి మీద ఆ జట్టు అంతగా ఆధారపడింది మరి.

ఆగస్టు 9న, డెన్వర్‌లో కొలరాడో రాకీస్‌తో ఆడాల్సిన రోజున, డాడ్జర్స్ క్లోజర్, అంటే ఆఖరి ఇన్నింగ్స్ వేసి ఆట ముగించే పిచర్, కెన్లీ జాన్సెన్ గుండె లయ తప్పింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. అతనికిది కొత్త కాదు. 2011లో ఒకసారి వచ్చింది. 2012లో మళ్లీ వచ్చింది, అదీ డెన్వర్‌లోనే. ఆ అక్టోబరులో అబ్లేషన్ చేయించుకున్నాడు. రక్తనాళం గుండా సన్నని గొట్టం గుండె దాకా పంపి, తప్పుడు విద్యుత్ సంకేతాలు పుట్టే చోటును కాల్చేసే చికిత్స అది. ఆరేళ్లు బాగానే గడిచాయి. ఇక ఆ బెడద లేదనుకుంటున్న సమయంలో, అదే ఊళ్లో, మూడోసారి.

ఒక మనిషి గుండెకీ ఒక జట్టు ఆఖరి ఇన్నింగ్స్‌కీ ఇంత ముడి ఎలా పడిందో తెలియాలంటే రిలీవర్, అంటే ఆట మధ్యలో దిగే పిచర్, పనేమిటో తెలియాలి. మనవాళ్లు డెత్ ఓవర్ల బౌలర్‌తో పోల్చి సరిపెట్టుకుంటారు. ఆ పోలిక సగమే కుదురుతుంది. బుమ్రా మూడో ఓవర్ వేసి వెళ్లి, పద్దెనిమిదో ఓవర్‌కి మళ్లీ బంతి అందుకోవచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి ఆటలోంచి తప్పించిన వాడు ఆ రోజుకి తిరిగి రాడు. అందుకే మేనేజర్ ఎవరిని వాడాలన్న దానికంటే ఎవరిని ఇంకా దాచి ఉంచాలన్న దాని గురించే ఎక్కువ ఆలోచిస్తాడు. ఆట మొదలుపెట్టే స్టార్టర్‌కి తన వంతు ఏ రోజో ముందే తెలుసు. సుమారుగా ఐదు రోజులకోసారి వస్తుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది. రిలీవర్‌కి ఆ భాగ్యం లేదు. ఆరు నెలల్లో 162 ఆటలుంటే, ప్రతి రోజూ పిలుపు రావచ్చు, రాకపోనూ వచ్చు.

ఒకప్పుడు ఈ పనికి గౌరవమే లేదు. మొదలుపెట్టిన పిచరే ముగించాలన్నది ఆనవాయితీ. స్టార్టర్‌గా పనికిరాడనుకున్న వాణ్ణి రిలీవర్లు పిలుపు కోసం కాచుకునే బుల్‌పెన్‌లో కూర్చోబెట్టేవారు. షికాగో క్రీడా విలేఖరి జెరోమ్ హోల్ట్స్‌మన్ ఈ వెనకబెంచీ వాళ్ల పనికి ఒక లెక్క ఉండాలని ‘సేవ్’ అనేదాన్ని ప్రతిపాదించాడు. 1969లో అది అధికారిక గణాంకమైంది. మూడు పరుగులకు మించని ఆధిక్యంతో బంతి అందుకుని, కనీసం ఒక ఇన్నింగ్స్ వేసి, గెలుపుతో ఆట ముగిస్తే ఒక సేవ్. ఇంకో రెండు దారులున్నా ఎక్కువగా నడిచేది ఇదే. 1980ల చివర్లో ఓక్లాండ్ మేనేజర్ టోనీ లరూసా ఇంకో అడుగు వేశాడు. ఒకప్పుడు ఏడాదికి 20 ఆటలు గెలిచిన స్టార్టర్ డెనిస్ ఎకర్స్‌లీని దాదాపుగా తొమ్మిదో ఇన్నింగ్స్‌కే అంకితం చేశాడు. 1992లో ఎకర్స్‌లీ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డూ, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డూ రెండూ పట్టుకుపోయాడు. ఆ తర్వాత ప్రతి జట్టుకీ ఒక తొమ్మిదో ఇన్నింగ్స్ మనిషి కావలసి వచ్చాడు.

సేవ్ మొద్దు కొలమానమని నా అభిప్రాయం. మూడు పరుగుల ఆధిక్యంతో, బేస్‌లు ఖాళీగా ఉండగా వచ్చి ముగ్గురిని ఔట్ చేయడం అంత గొప్పేం కాదు. ఏడో ఇన్నింగ్స్‌లో ఇంకొకడు నింపి పోయిన బేస్‌లతో, ఒక్క పరుగు ఆధిక్యంతో లోపలికొచ్చి గట్టెక్కించేవాడి పని దానికి పదింతలు కష్టం. వాడికి సేవ్ రాదు, పేపర్లో పేరూ సరిగ్గా రాదు. అసలైన అభిమానులు మాత్రం వాణ్ణి గుర్తుపెట్టుకుంటారు.

ఈ విద్యలో ఎవరికీ కనపడని భాగం బుల్‌పెన్‌లో జరుగుతుంది. ఔట్‌ఫీల్డ్ గోడ పక్కన ఒక బెంచీ, రెండు మట్టి దిబ్బలు, రెండు హోమ్ ప్లేట్లు, గోడకో టెలిఫోను. డగౌట్ నుంచి ఫోన్ మోగగానే బెంచీ మీద అందరి మెడలూ అటు తిరుగుతాయి. కోచ్ ఒక పేరు చెబుతాడు. ఆ మనిషి జాకెట్ విప్పి లేస్తాడు. ముందు క్యాచర్ నిలబడే ఉంటాడు. నాలుగైదు బంతులు తేలిగ్గా, చేయి సాగడానికి. తర్వాత క్యాచర్ గొంతుక్కూర్చుంటాడు. అప్పుడు వేగం పెరుగుతుంది, గ్లవ్‌తో సైగ చేసి ఏ బంతి రాబోతోందో పిచర్ చెబుతుంటాడు. అనుభవం లేనివాడు ఇక్కడే పాతిక, ముప్ఫై బంతులు వేసి సగం బలం ఖర్చు చేసేసుకుంటాడు. ఆరితేరినవాడు పదీ పన్నెండుతో ఆపేస్తాడు. ఈలోగా మైదానంలో డబుల్ ప్లే పడి ప్రమాదం తప్పిందనుకోండి, ‘కూర్చో’ అంటారు. ఒళ్లు చల్లబడేలోగా మళ్లీ ఫోన్. మళ్లీ లేవాలి. చివరికి ఆ రాత్రి ఆటలోకి దిగకపోతే స్కోరు పుస్తకంలో అతని పేరే ఉండదు. చేతికి మాత్రం ఆ బంతులన్నీ లెక్కే. వేడెక్కించి వాడకుండా కూర్చోబెట్టే మేనేజర్ అంటే రిలీవర్లకు ఎంత కోపమో చెప్పనలవి కాదు. ఒక మనిషిని ఒక రాత్రిలో రెండోసారి లేపకుండా ఆట నడపగలగడమే బుల్‌పెన్ నిర్వహణలో సగం నేర్పు.

జాన్సెన్ ఈ లోకంలోకి వచ్చిన దారి వింతగా ఉంటుంది. కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవి అతనిది. 2004లో డాడ్జర్స్ అతణ్ణి క్యాచర్‌గా తీసుకున్నారు. 2009 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో నెదర్లాండ్స్ తరఫున ప్లేట్ వెనక కూర్చుని, డొమినికన్ రిపబ్లిక్ ఆటగాడు విల్లీ టవెరాస్ మూడో బేస్ దొంగిలించబోతే అక్కణ్ణుంచే విసిరి ఔట్ చేశాడు. బ్యాటు మాత్రం అంతంత మాత్రం. ఆ చేయి మౌండ్ మీద ఉండాలని అదే ఏడాది అతణ్ణి పిచర్‌గా మార్చారు. 2010 జులైలో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. 2016, 2017లలో నేషనల్ లీగ్ ఉత్తమ రిలీవర్ అతనే.

అతని ఆయుధం కటర్. ఫాస్ట్‌బాల్ పట్టుకున్నట్టే రెండు వేళ్లూ కుట్టు మీదుగా ఉంటాయి, కాకపోతే ఇసుమంత పక్కకి జరిగి. వదిలేటప్పుడు మధ్యవేలు కొంచెం ఎక్కువ నొక్కుతుంది. మణికట్టు తిప్పడాలేమీ లేవు, చేయి వేగం తగ్గదు. కాబట్టి బ్యాటర్ కంటికి అది ఫాస్ట్‌బాలే. 60 అడుగుల 6 అంగుళాల దూరంలోంచి వచ్చే బంతికి పట్టే సమయం అర సెకను కూడా ఉండదు. బ్యాటర్ మనసు స్థిరపరచుకున్నాక, ఆఖరి కొద్ది అడుగుల్లో బంతి నాలుగైదు అంగుళాలు పక్కకి జారుతుంది. ఎడమచేతి బ్యాటర్‌కైతే చేతుల మీదికే దూసుకొస్తుంది. బ్యాటు మధ్యలో తగలాల్సింది పిడి దగ్గర తగిలి కర్ర చీలిపోతుంది. న్యూయార్క్ యాంకీస్‌కు ఆడిన పనామా వాసి మరియానో రివేరా ఈ ఒక్క బంతినే నమ్ముకుని 652 సేవ్‌లు చేసి, 2019లో ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. రాబోయేది కటరేనని బ్యాటర్‌కీ తెలుసు, గ్యాలరీలో కూర్చున్న పిల్లలకీ తెలుసు. తెలిసీ కొట్టలేకపోవడమే చూడాల్సిన తమాషా.

అలాంటివాడు ఒక్కసారిగా లేకుండా పోతే నష్టం తొమ్మిదో ఇన్నింగ్స్‌తో ఆగదు. ఎనిమిదోది వేసేవాడు తొమ్మిదికి జరగాలి, ఏడోది వేసేవాడు ఎనిమిదికి, ఆరులో ఎవరో కొత్తవాడు. ఎవరూ తమకు అలవాటైన చోట ఉండరు. ఆ వారాంతం డెన్వర్‌లో అదే జరిగింది. ఆగస్టు 11న రయన్ మక్‌మాన్ ఆఖరి ఇన్నింగ్స్‌లో కొట్టిన హోమ్ రన్‌తో రాకీస్ గెలిచారు. మర్నాడు బేస్‌లు నిండుగా ఉండగా డాడ్జర్స్ పిచర్ నాలుగు బంతులు గురి తప్పి వాక్ ఇచ్చి, గెలుపు పరుగును చేతులారా సమర్పించుకున్నాడు. స్టార్టర్ కెంటా మయేడాను కూడా ఆ నెలలో బుల్‌పెన్‌కి మార్చాల్సి వచ్చింది.

అభిమానుల చర్చలోనూ ఒక విద్య ఉంది. నిన్న ఎవరు ఎన్ని బంతులు వేశారు, వరసగా రెండు రోజులు వేసింది ఎవరు, ఇవాళ ఎవరిని ముట్టుకోకూడదు అన్న లెక్క మేనేజర్‌తో సమానంగా వాళ్ల దగ్గరా ఉంటుంది. గాయాల జాబితాలో పేరు ఎక్కిందంటే ఒక అర్థం, ‘రోజు రోజుకీ చూస్తున్నాం’ అన్నారంటే ఇంకో అర్థం. మోచేయి, భుజం విషయంలో ఈ లెక్కలు బాగానే నడుస్తాయి. గుండె దగ్గరికొచ్చేసరికి తప్పుతాయి. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంటుంది, అందుకని తరచుగా రక్తం పలచబడే మందిస్తారు. ఆ మందు మీదున్న మనిషిని, గంటకు వంద మైళ్లతో బంతి తిరిగి మొహం మీదికి రాగల చోట ఎవరు నిలబెడతారు? ‘ఎప్పుడొస్తాడు’ అనే ప్రశ్నకు జవాబు మేనేజర్ చేతిలోంచి వైద్యుల చేతిలోకి పోతుంది.

జాన్సెన్ ఆగస్టు 20న తిరిగొచ్చాడు. అనుకున్నదానికంటే త్వరగా రావడం చూసి సంబరపడినవాళ్లే, అతను హోమ్ రన్లు ఇచ్చుకుంటూ పోతుంటే విసుక్కున్నారు. సెప్టెంబరులో జట్టు మళ్లీ డెన్వర్ వెళ్లినప్పుడు అతణ్ణి తీసుకెళ్లలేదు. సముద్రమట్టానికి 5,280 అడుగులు, అంటే సరిగ్గా మైలు ఎత్తున ఉన్న ఊరు అది. ఆ ఎత్తు ఇదీ అని చూపడానికి అక్కడి కూర్స్ ఫీల్డ్ స్టేడియం పై అంతస్తులో ఒక వరస కుర్చీలకు ఊదా రంగు వేశారు. రాకీస్‌తో హోరాహోరీగా తలపడుతూ కూడా క్లోజర్‌ని ఇంటి దగ్గర వదిలిరావడం, ఆ సీజన్‌లో డాడ్జర్స్ చేసిన మంచి పనుల్లో నా లెక్కకు మొదటిది.

అతను లేని రోజుల ధర కూడా చిన్నది కాదు. 162 ఆటలు ముగిసేసరికి రెండు జట్లూ 91 గెలుపులతో సరిసమానంగా నిలిచాయి. డివిజన్ విజేతను తేల్చడానికి అక్టోబరు 1న డాడ్జర్ స్టేడియంలో 163వ ఆట ఆడాల్సి వచ్చింది. ఆగస్టులో చేజారిన ఆటల్లో ఒక్కటి నిలబెట్టుకున్నా ఆ అవసరం ఉండేది కాదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి జాన్సెన్ వచ్చాడు. నోలన్ అరెనాడో ఒకటి, వెంటనే ట్రెవర్ స్టోరీ ఇంకొకటి హోమ్ రన్లు కొట్టారు. గ్యాలరీలో ఊపిరి బిగిసింది. 5-2తో ఎలాగో ముగించాడు. నవంబరులో గుండెకు రెండో శస్త్రచికిత్స జరిగింది.

అదే ఏడాది ఏప్రిల్ 20న షికాగోలో ఇంతకంటే దారుణం జరిగింది. వైట్ సాక్స్ రిలీవర్ డానీ ఫార్కర్ ఆరో ఇన్నింగ్స్‌లో తన వంతు ముగించుకుని డగౌట్‌కి వచ్చి కుప్పకూలాడు. మెదడులో ఉబ్బిన రక్తనాళం పగిలింది. శస్త్రచికిత్సతో బతికాడు. జూన్ 1న అదే మైదానానికి నడిచొచ్చి ఆటకు ముందు లాంఛనపు తొలి బంతి విసిరాడు. మేజర్ లీగ్‌లో మాత్రం మళ్లీ వేయలేకపోయాడు, 2019లో ఆట మానేశాడు.

జాన్సెన్‌కి 2022లో, అట్లాంటా బ్రేవ్స్‌లో ఉండగా, గుండె మళ్లీ మొరాయించింది. జాబితాకెక్కి, దిగి, ఆ ఏడాది 41 సేవ్‌లతో నేషనల్ లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. 2023 మే 10న, బోస్టన్ రెడ్ సాక్స్ చొక్కాతో అదే అట్లాంటాకి వచ్చి 400వ సేవ్ పూర్తిచేశాడు. ఆ మైలురాయి అందుకున్న ఏడో పిచర్ అతను. ఆ రాత్రి ఆధిక్యం మూడు పరుగులు. అంటే నేను తేలిక అని తీసిపారేసిన రకం సేవే. అట్లాంటా అభిమానులకు ఆ లెక్క తెలియక కాదు. నిరుడు తమకు ఆఖరి ఇన్నింగ్స్‌లు వేసిపెట్టినవాడే ఇవాళ తమ జట్టును ఓడించి పోతుంటే, మర్నాటికి వాళ్లకు మిగిలిన చర్చ మళ్లీ తమ బుల్‌పెన్ గురించే.