క్లస్టర్ పాఠం కాగితం మీదే

గ్రెగరీ ఫిస్టర్ రాసిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ క్లస్టర్స్' నిండా కుక్కలుంటాయి. 1995లో వచ్చిన ఆ పుస్తకం కంప్యూటర్ల గురించే, రాసినాయన ఐబీఎం ఇంజనీరే. ఒకే పెట్టెలో అనేక ప్రాసెసర్లు బిగించిన యంత్రం ఆయన దృష్టిలో ఒంటి మీద చాలా తలలు మొలిచిన కుక్క. విడివిడి కంప్యూటర్లను కలిపి ఒక్కటిగా నడిపితే అది కుక్కల గుంపు. తలలెన్ని ఉన్నా కాలు విరిగితే మొదటిది కూలబడుతుంది. గుంపులో ఒకటి కుంటితే మిగతావి వేట సాగిస్తాయి. కానీ గుంపంతటినీ ఒక్క మాట మీద నడిపించడం ఉందే, అదీ అసలు కష్టం. క్లస్టర్ల మీద వచ్చిన మంచి పుస్తకాలన్నీ ఆ కష్టం చుట్టూనే తిరుగుతాయి.

క్లస్టర్‌ను ఏ కంపెనీ కూడా కనిపెట్టలేదని, ఒక యంత్రంలో పని పట్టకో, అది ఆగిపోతే గతేమిటన్న భయంతోనో వాడుకరులే కనిపెట్టుకున్నారని కూడా ఫిస్టర్ అంటారు. చరిత్ర చూస్తే ఆ అవసరాలే కంపెనీల యంత్రాల వెనకా కనిపిస్తాయి. ఆగకూడని లావాదేవీల కోసం టాండెమ్ కంపెనీ 1976లో నాన్‌స్టాప్ యంత్రాలను అందించింది. 1983లో డెక్ కంపెనీ వ్యాక్స్‌క్లస్టర్ వచ్చింది. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ బజారులో దొరికే 486 రకం ప్రాసెసర్లు 16 కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. ఎలా కట్టాలో చెప్పే పుస్తకం 1999లో ఎంఐటీ ప్రెస్ నుంచి వచ్చింది. సూపర్ కంప్యూటర్ కొనలేని కాలేజీలకు అదే దారి చూపింది.

వచ్చే రద్దీని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సింగ్ పుస్తకాలది వేరే శాఖ. 2001లో టోనీ బర్క్ రాసిన పుస్తకాన్ని ఓరైలీ వేసింది. మరుసటి ఏడాది విలీ ప్రచురణగా చంద్ర కొప్పరపు పుస్తకం వచ్చింది. అవధానాలు చేసిన కొప్పరపు కవుల పేరు విన్న తెలుగు పాఠకుడు ఆ ఇంటిపేరు దగ్గర ఒక్క క్షణం ఆగకుండా ఉండలేడు. ఈ పుస్తకాలను చదవడానికి ఒక పద్ధతి ఉంది. పెన్సిల్ పట్టుకుని ప్యాకెట్ నడిచే దారిని బొమ్మ గీసుకోవాలి. ఏ మజిలీలో ఏ అడ్రస్ మారుతోందో పక్కన రాసుకోవాలి. గీయకుండా చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది, మర్నాటికి ఏమీ మిగలదు.

నాట్ పద్ధతినే గీసి చూడండి. వచ్చిన ప్యాకెట్ మీది గమ్యం ఐపీని లోడ్ బ్యాలెన్సర్ మార్చి వెనకున్న సర్వర్‌కు పంపుతుంది. జవాబు కూడా దాని మీదుగానే వెళ్లాలి, లేకపోతే అడ్రస్‌ను తిరిగి మార్చేవారుండరు. ఇప్పుడు వాడుకరి అదే నెట్‌వర్క్‌లో, సర్వర్ పక్కనే ఉన్నాడనుకోండి. సర్వర్ నేరుగా అతనికే జవాబిస్తుంది. తను పలకరించింది ఒకరిని, పలికింది మరొకరు కాబట్టి అతని కంప్యూటర్ ఆ జవాబును పారేస్తుంది. బయటివాళ్లందరికీ సైటు పనిచేస్తూ, ఆఫీసులో ఉన్నవాళ్లకే ఆడకపోవడం వెనక చాలాసార్లు ఉండే సంగతి ఇదే.

డైరెక్ట్ రూటింగ్ ఇంకా ముచ్చటైనది. వెబ్‌లో అడిగే ప్రశ్న చిన్నది, వచ్చే జవాబు పెద్దది. అంత పెద్ద జవాబును మళ్లీ లోడ్ బ్యాలెన్సర్ గుండా ఎందుకు తిప్పాలి? అందుకని ఇక్కడ ఐపీని ముట్టుకోరు, మ్యాక్ అడ్రస్ ఒక్కటే మారుస్తారు. జవాబు సర్వర్ నుంచి నేరుగా వాడుకరికి పోతుంది. ఇందుకోసం అందరికీ తెలిసిన ఆ ఉమ్మడి ఐపీని ప్రతి సర్వర్‌కూ లూప్‌బ్యాక్ మీద ఇవ్వాలి. ఇచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. 'ఈ ఐపీ ఎవరిది?' అని రూటర్ ఏఆర్‌పీ ద్వారా అడిగితే ప్రతి సర్వరూ 'నాదే' అంటుంది. ముందు ఎవరి గొంతు వినిపిస్తే మొత్తం రద్దీ వారి నెత్తిన పడుతుంది, లోడ్ బ్యాలెన్సర్ ఊరికే కూర్చుంటుంది. కాబట్టి ఆ ఒక్క ప్రశ్నకు సర్వర్ల నోరు కట్టేయాలి. లినక్స్‌లో ఆ సెట్టింగ్ రెండు లైన్ల పని. ఆ రెండు లైన్లు ఎందుకో తెలియకుండా అతికించినవాడు, అవి పోయిన రోజున ఎక్కడ వెతకాలో తెలియక తిప్పలు పడతాడు.

ఇక పని పంచే లెక్కలు. వంతులవారీగా పంచడం తేలిక, కానీ పనులన్నీ ఒకే బరువు ఉండవు. తక్కువ కనెక్షన్లున్న సర్వర్‌కు పంపడం న్యాయంగానే కనిపిస్తుంది. అయితే జబ్బుపడిన సర్వర్ ప్రతి కోరికకూ క్షణంలో 'ఎర్రర్' అని తిప్పికొడుతుంటే, దాని చేతిలో పని ఎప్పుడూ తక్కువే కనబడుతుంది. అప్పుడు రద్దీ అంతా దానివైపే ఒరుగుతుంది. మంచి సర్వర్లు ఖాళీగా ఉంటాయి, వాడుకరులకు ఎర్రర్లు అందుతుంటాయి. పని పంచడానికి 1990లలో గణితం మరో చక్కని ఉపాయం చూపించింది. గుడ్డిగా రెండు సర్వర్లను ఎంచి, వాటిలో తక్కువ బరువున్నదానికి పని ఇస్తే చాలు, ఒక్కదాన్నే గుడ్డిగా ఎంచడం కంటే ఎన్నో రెట్లు మెరుగు. రెండుకు బదులు మూడింటిని చూస్తే కలిసొచ్చేది మాత్రం కొంచెమే. తిప్పికొట్టిన ఎర్రర్‌ను కూడా బరువుగా లెక్కేస్తేనే పైన చెప్పిన సర్వర్ జబ్బుకు ఇది మందవుతుంది.

వీటన్నిటి అడుగున ఉన్న లెక్క సర్వర్ల కంటే ముందుది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిల కోసం గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన క్యూల గణితం అది. అందులో అతి సరళమైన నమూనా ప్రకారం సర్వర్ 50 శాతం పనిలో ఉంటే జవాబుకు రెండు రెట్ల సమయం, 80 శాతంలో ఐదు రెట్లు, 90 శాతంలో పది రెట్లు పడుతుంది. నాలుగు సర్వర్లు 60 శాతం చొప్పున హాయిగా నడుస్తున్నాయనుకుందాం. ఒకటి పడిపోతే మిగతా మూడూ 80 శాతానికి చేరతాయి. జవాబు సమయం రెండున్నర రెట్ల నుంచి ఐదు రెట్లకు ఎక్కుతుంది. రెండే సర్వర్లుండి ఒకటి పడితే రెండోదాని మీద 120 శాతం భారం, అంటే అదీ పడుతుంది. ఈ లెక్క వేయకుండా 'మాకు బ్యాకప్ సర్వర్ ఉంది' అనే కంపెనీలు ఎన్నో!

క్లస్టర్ పుస్తకాల్లో నేను ముందుగా తెరిచేది చెడిపోవడం గురించిన అధ్యాయాన్నే. రెండు సర్వర్ల మధ్య తీగ తెగితే, రెండూ బతికే ఉండి అవతలిది చచ్చిందనుకుంటాయి. రెండూ యజమానినే అనుకుని ఒకే డిస్కు మీద రాస్తే డేటా నాశనం. అందుకే మెజారిటీ ఓటు ఉన్నవైపే పని సాగాలనే నియమం పెట్టారు. అనుమానం వచ్చిన సర్వర్‌కు కరెంటే తీసేసే పద్ధతీ ఉంది. దాని పేరు స్టోనిత్, పక్క సర్వర్ తలలో కాల్చేయమని అర్థం. ఓటు ఉంటే చాలనుకునేవారికి 2018 అక్టోబరులో గిట్‌హబ్ అనుభవం జవాబిస్తుంది. 43 సెకన్లు లింకు తెగింది. డేటాబేస్ నాయకత్వం అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి నియమం ప్రకారమే మారింది. కానీ తూర్పున రాసిన చివరి కొద్దిపాటి మార్పులు పడమటికి చేరనేలేదు. ఆ తేడా సరిదిద్ది సేవలు మామూలయ్యే సరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

పుస్తకాలకు పాతబడే జబ్బుంది, కాదనను. కార్ల్ కాపర్ 2005 నాటి లినక్స్ క్లస్టర్ పుస్తకం ఆధారపడ్డ హార్ట్‌బీట్ సాఫ్ట్‌వేర్ స్థానంలోకి పేస్‌మేకర్, కోరోసింక్ వచ్చేశాయి. ఆ పుస్తకానికి మరో ఆధారం, 1998లో వెన్‌సాంగ్ ఝాంగ్ మొదలుపెట్టిన లినక్స్ వర్చువల్ సర్వర్, ఇప్పటికీ కెర్నెల్‌లో ఉంది. కుబెర్నెటిస్ కూడా దాన్ని వాడుకుంది. కమాండ్లు పోయాయి, ప్యాకెట్ దారి పోలేదు. అమీర్‌పేట కోచింగ్ చెప్పేది ఎక్కువగా కమాండ్లే. ఇంటర్వ్యూకు అది చాలు, అర్ధరాత్రి ఫోన్ మోగితే చాలదు. ముంబై శ్రాఫ్ పబ్లిషర్స్ వేసిన ఓరైలీ భారతీయ ముద్రణలు ఒక తరం మన ఇంజనీర్లకు చవకగా అందాయి. కోఠీలోనో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాత ప్రతి కనిపిస్తే ముద్రణ సంవత్సరం చూసి పక్కన పెట్టేయకండి.

చదివాక లాప్‌టాప్‌లో మూడు వర్చువల్ మెషీన్లు పెట్టి, ఒకటి లోడ్ బ్యాలెన్సర్‌గా, రెండు సర్వర్లుగా నడపండి. తర్వాత ఒకదాన్ని ఆపండి, మధ్య నెట్‌వర్క్ తెంచండి, ఒక సర్వర్ చేత కావాలనే ఎర్రర్లు ఇప్పించండి. ఏం జరుగుతుందో ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. కొనడానికి డబ్బు లేకపోయినా ఫర్వాలేదు. గూగుల్ ఇంజనీర్లు 2016లో తెచ్చిన 'సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్' ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అందులో 19, 20 అధ్యాయాలు పూర్తిగా లోడ్ బ్యాలెన్సింగ్ మీదే.