చెక్కగా మిగిలిన బొమ్మ

ఉడ్‌కట్ అంటే చెక్కపలక మీద బొమ్మను ఎత్తుగా నిలిపి, దానికి సిరా పూసి, పైన కాగితం పరచి, రుద్ది దించే ముద్రణ. ఇందులో కళాకారుడు గీసేది తక్కువ, తీసేసేది ఎక్కువ; ఉలి తొలిచిన చోటు కాగితం మీద తెల్లగా ఉండిపోతుంది, ఉలి తాకకుండా విడిచిన చోటే సిరా పట్టి నల్లగా పడుతుంది. పలక మీద కుడివైపు ఉన్నది కాగితం మీద ఎడమకు వస్తుంది కనుక బొమ్మనంతా తిరగేసి ఊహించగల కన్ను కూడా ఉండాలి. కాన్వాసు మీద తప్పు గీత పడితే మరో పూతతో కప్పిపుచ్చవచ్చు గాని, పలక మీద ఉలి వెంట్రుకవాసి జారి సన్నని గీత ఒకటి లేచిపోయిందంటే వారాల శ్రమ వృథా అయినట్టే. ఇంతటి పనిని ‘ఒట్టి ప్రింటే కదా’ అని తేలిక చేసేవారు చిత్రకళాభిమానులలోనే ఉండడం విచారకరం.

దీని చరిత్ర పెద్దది; చైనాలో 868లో చెక్క అచ్చులతో ముద్రించిన వజ్రచ్ఛేదిక సూత్రపు చుట్ట నేటికీ లండన్‌లో భద్రంగా ఉంది. జపాన్‌లో ఉకియో-ఎ అనే చెక్కముద్రణ బొమ్మలకు ప్రచురణకర్త పూనుకుంటే చిత్రకారుడు గీసేవాడు, వేరొకడు చెక్కేవాడు, ఇంకొకడు అచ్చు తీసేవాడు. 1904లో యమమోటో కనాయె ‘జాలరి’ బొమ్మను తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చు తీయడంతో అక్కడ ఆ మూడు పనులూ ఒక్క చేతిలోకి వచ్చాయి. స్టూడియో కళాకారుడి ఉడ్‌కట్ అన్నప్పుడు ఉద్దేశించేది ఈ ఒంటిచేతి పనినే.

మానును నిలువునా కోసిన పలక మీద చేసేది ఉడ్‌కట్. అడ్డంగా కోసిన గట్టి చెక్క ముఖం మీద బ్యూరిన్ అనే సన్నమొన పనిముట్టుతో చేసేది ఉడ్ ఎన్‌గ్రేవింగ్. నిలువు పలకలో పోగు ఒకే దిక్కుగా సాగుతుంది కనుక దాని వెంట ఉలి సుళువుగా నడుస్తుంది, అడ్డం తిరిగితే మాత్రం చెక్క పెచ్చులుగా లేస్తుంది; అందుకే నేర్పరి ముందు గీతకు రెండు పక్కలా చాకుతో గాటు పెట్టి, ఆ తరువాతనే గాడి ఉలితో పక్క చెక్కను తీస్తాడు. అడ్డకోతలో ఆ బెడద లేదు గనుక వెంట్రుకలంత సన్నని గీతలు కూడా నిలుస్తాయి. కలంకారీ బట్టకు పెడనలో వాడే టేకు అచ్చులు తెలుగువారికి తెలిసినవే. అయితే కలంకారీలో అచ్చును పైనుంచి బట్ట మీద అద్దుతారు, ఉడ్‌కట్‌లో పలక కింద, కాగితం పైన ఉంటాయి.

ఉడ్‌కట్, ఉడ్ ఎన్‌గ్రేవింగ్ రెండింటిలోనూ మన దేశంలో హరేన్ దాస్‌కు సాటి రాగలవారు అరుదు. 1921లో దినాజ్‌పూర్‌లో పుట్టి, కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చదివి, అక్కడే బోధించి, 1993లో కన్నుమూసిన ఈయన బెంగాల్ పల్లెను, అందులోని చెరువులను, పడవలను, ఎడ్లబండ్లను, వానను చెక్కలోకి దించాడు. రంగుల ఉడ్‌కట్‌లో సాధారణంగా రంగుకొక పలక చెక్కాలి, ఒకే కాగితాన్ని వాటన్నిటి మీదా అదే గురుతుకు ఆనించాలి. గోరంత పక్కకు జరిగినా పడవ ఒకచోట, దాని రంగు మరొకచోట పడతాయి. ఆ లెక్క అంత కచ్చితంగా కుదిరిన పొగమంచు వేకువలను చూసినవారికి అది కుంచెపని కాదని నమ్మడం కష్టం. ఆధునికత పేరిట గ్రామదృశ్యాలను చిన్నచూపు చూసిన విమర్శకులు ఈయనకు చేసిన అన్యాయం నేటికీ పూర్తిగా తీరలేదు.

అలీగఢ్‌లో 1937లో పుట్టి, గణితం చదివి, 2020లో కన్నుమూసిన ముద్రణ కళాకారిణి జరీనా మార్గం పూర్తిగా వేరు. 2001 నాటి ‘డివైడింగ్ లైన్’ అనే ఉడ్‌కట్‌లో భారత, పాకిస్తాన్‌ల సరిహద్దు నల్లని గీతగా కాగితం పొడవునా వంకరలు తిరుగుతుంది. ఆ గీతను ఆమె చెక్కలేదు, దాని చుట్టూ ఉన్న చెక్కనంతా తొలిచి గీతను మిగిల్చింది. ఉలికి అందక మిగిలిన రవ్వలు ఇరువైపులా నల్లగా చెదిరి కనిపిస్తాయి. విభజన మీద ఎన్ని చిత్రాలు వచ్చినా ఇంత తక్కువ సిరాతో ఇంత చెప్పినది మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. జరీనా పారిస్‌లో పనిచేసిన అటెలియే 17 అనే ముద్రణ స్టూడియోలోనే మన చిత్తూరు జిల్లావాడు కృష్ణారెడ్డి లోహపు పలకలతో ప్రపంచఖ్యాతి గడించాడు. ఆయన గొప్పవాడే, సందేహం లేదు. కానీ తెలుగువారు ముద్రణ చిత్రమంటే లోహమేనని అనుకోవడంతో చెక్కకు మర్యాద తగ్గింది.

అచ్చు తీయడంలోనూ, ప్రదర్శించడంలోనూ నియమాలున్నాయి. కాగితం కింది అంచున పెన్సిలుతో రాసే 7/25 అనే అంకెకు అర్థం ఇరవై ఐదు ప్రతులలో ఇది ఏడవదని. ఆ సంఖ్య పూర్తయ్యాక పలక మీద గాటు పెట్టి రద్దుచేయడం మర్యాద. ఫ్రేములో అద్దం కాగితాన్ని తాకకూడదు, ఆమ్లం లేని అట్ట వాడాలి, టేపు అంటించకూడదు, వెలుతురు సుమారు 50 లక్స్‌కు మించకూడదు. ఎండ పడే కిటికీ ఎదుట ఉడ్‌కట్‌ను వేలాడదీసే గ్యాలరీకి కళ గురించి మాట్లాడే హక్కు లేదు.

అంతకంటే ఘోరం మరొకటి జరుగుతున్నది. కంప్యూటరు నుంచి ఇంక్‌జెట్ యంత్రం కక్కిన నకలు మీద 7/25 అని వేసి, సంతకం చేసి, ‘లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్’ అని అమ్ముతున్నారు. తెరముద్రణ బట్టను కలంకారీ పేరుతో అంటగట్టి పెడన పనివారి పొట్ట కొట్టిన తంతుకు ఇది తోబుట్టువు. నకలు అమ్మడం నేరం కాదు, దానికి ఉడ్‌కట్ గౌరవాన్ని తగిలించడమే మోసం. గ్యాలరీలు ప్రతి బొమ్మ పక్కనా అది చెక్కనుంచి దిగిందో, యంత్రం నుంచి దిగిందో స్పష్టంగా రాయాలి. లలితకళా కళాశాలలు ఉలిబల్లలను సామాన్ల గదుల నుంచి బయటికి తేవాలి.

కొనదలచినవారు భూతద్దం తీసుకెళ్లాలి, వీలైతే కాగితాన్ని వెనక్కి తిప్పి చూపమని అడగాలి. యంత్రపు నకలులో సన్నని రంగుచుక్కలు కనిపిస్తాయి, వెనుక భాగం నున్నగా ఉంటుంది. చేత్తో రుద్ది తీసిన ఉడ్‌కట్‌కు వెనుక తరచుగా రుద్దిన మెరుపు, పలక ఒత్తిన గుర్తులు కనిపిస్తాయి. తిప్పి చూపడానికి వెనుకాడే దుకాణంలో ఉడ్‌కట్ కొనకూడదు.