కర్త లేని వాక్యం: జీవశాస్త్ర పాఠంలో కప్ప, కత్తి, చెయ్యి

సాహిత్యం చదువుకున్నవాళ్ళం కథల్నీ కవిత్వాన్నీ స్త్రీవాద దృష్టితో చాలాసార్లు చదివాం. బడిలో, కాలేజీలో చదివిన సైన్సు పుస్తకాన్ని అలా చదవడం మాత్రం తక్కువ. సైన్సు ఉన్నది ఉన్నట్టు చెప్తుంది, అందులో భాష గురించి వెతకడానికేముంది అనుకుంటాం. నేను తెలుగు మీడియంలో బైపీసీ చదివి, ఆ తర్వాత తెలుగు సాహిత్యంలో పరిశోధన చేశాను. నా జువాలజీ ప్రాక్టికల్ రికార్డు ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని ఒక రచనగా చదివితే, అంటే ఎవరు చెప్తున్నారు, ఎవరి గురించి చెప్పకుండా వదిలేశారు అని అడుగుతూ చదివితే ఏం కనిపిస్తుందన్నదే ఈ వ్యాసం.

రికార్డులో ఒక పేజీలో బొమ్మ, ఎదుటి పేజీలో పద్ధతి. పద్ధతంతా ఒకే తీరు వాక్యాలు. కప్పకు క్లోరోఫామ్ ఇవ్వబడినది. మైనపు ట్రేలో వెల్లకిలా పరుండబెట్టబడినది. కాళ్ళు గుండుసూదులతో గుచ్చబడినవి. చర్మము కత్తిరించబడినది. రాసింది నా చేత్తోనే, కానీ ఆ పేజీలో నేను లేను. కప్పని చంపిన మనిషి ఎవరూ లేరు. పని జరిగిపోయింది, అంతే.

తెలుగు వాడుకలో ఇలాంటి కర్మణి ప్రయోగం చాలా అరుదని మన భాష గురించి రాసినవాళ్ళు ఎప్పటినుంచో చెప్తున్నారు. అన్నం తినబడింది అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. తెలుగులో కర్తని వదిలేసినా క్రియ చివర అది దొరుకుతుంది. కోశాను, కోశావు, కోశాం అంటే చాలు, చేసిందెవరో తెలిసిపోతుంది. 'బడు' చేరేసరికి ఆ జాడ కూడా పోతుంది. 'కప్ప కోయబడినది' అన్న వాక్యంలో క్రియ కప్పతో కలుస్తుంది. కప్పకి ప్రాణం పోయిన చోటే వ్యాకరణం దాన్ని వాక్యానికి పెద్దని చేసి కూర్చోబెడుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మన వ్యాకరణం మగవాళ్ళని చెప్పే మాటల్ని మహద్వాచకాలంది. జంతువులు, వస్తువులు అమహద్వాచకాలు. ఆడవాళ్ళని చెప్పే మాటలు ఏకవచనంలో అమహత్తుతోనూ బహువచనంలో మహత్తుతోనూ నడుస్తాయి. 'ఆమె కోసింది', 'కప్ప కదిలింది'. ఒక్కతిగా ఉన్నప్పుడు మనకీ కప్పకీ క్రియ ఒకటే. 'వాళ్ళు కోశారు' అని నలుగురం కలిసినప్పుడే మనుషుల లెక్కలోకి వస్తాం. ఇదేదో చమత్కారం కోసం చెప్పడం లేదు. మాటల అమరికలో ఎవరు ఎవరి పక్కన నిలబడుతున్నారన్నది పాఠం చదివే పద్ధతిలో మొదటి ప్రశ్న.

సైన్సు పాఠాన్ని ఇలా చదవడం కొత్తేమీ కాదు. అమెరికాకి చెందిన మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్ 1991లో రాసిన వ్యాసంలో వైద్యవిద్య పాఠ్యపుస్తకాలు అండాన్నీ వీర్యకణాన్నీ వర్ణించే తీరుని పరిశీలించారు. అండం ఎదురుచూస్తూ కూర్చున్న పెళ్ళికూతురిలా, వీర్యకణం అడ్డంకులు దాటి వచ్చే వీరుడిలా కనిపించడం వెనక ఉన్నది ప్రయోగశాల ఫలితం కాదనీ, సమాజంలో అప్పటికే ఉన్న ఆడామగా కథేననీ ఆమె చూపించారు. ఆ వ్యాసం చదివాక నా రికార్డు మళ్ళీ తీశాను.

జీర్ణవ్యవస్థ డిసెక్షన్ రోజున మా అందరి భయం ఒకటే, ఆడకప్ప రాకూడదని. గుడ్ల కాలంలో ఆడకప్ప పొట్ట తెరిస్తే నలుపూ తెలుపూ గుడ్లు ముద్దగా పైకి పొంగి మిగతా అవయవాల్ని కప్పేస్తాయి. వాటిని తీసి పారేస్తేగాని పేగు కనిపించదు. అందుకని ఆడకప్ప వచ్చినమ్మాయిని చూసి మిగతావాళ్ళు 'పాపం, నీకు మంచి స్పెసిమన్ రాలేదు' అనేవాళ్ళు. ఎడంపక్క పేజీలో ఉన్న నా బొమ్మలో ఆ గుడ్లు లేవు. జీర్ణవ్యవస్థ బొమ్మ శుభ్రంగా, మగకప్పలాగా ఉంది. ఆడ శరీరం ఇక్కడ పాఠానికి అడ్డం. తీసి అవతల పెట్టాల్సిన వస్తువు.

అదే సంవత్సరం మానవ ప్రత్యుత్పత్తి పాఠం వచ్చింది. 'ఇది మీరు ఇంట్లో చదువుకోండి' అని పేజీలు తిప్పేశారు. చాలామంది చదువరులకి ఇది తమ కథే అనిపిస్తుందని నాకు తెలుసు. కప్ప గర్భకోశాన్ని కత్తితో తెరిచి చూపించడానికి సంకోచించని చదువు, తరగతిలో కూర్చున్న అమ్మాయిల గర్భకోశం గురించి నోరు విప్పలేకపోయింది. మన శరీరం గురించి మనకి సూటిగా చెప్పిన తెలుగు పుస్తకం కోసం నాలాంటివాళ్ళు తరగతి బయటికి, హైదరాబాద్ స్త్రీల బృందం తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకం దగ్గరికి వెళ్ళాల్సొచ్చింది. అందులో వాక్యాలకి కర్తలున్నాయి. అడిగేది ఆడవాళ్ళు, చెప్పేదీ ఆడవాళ్ళే.

ఇక కత్తి పట్టిన చేతుల సంగతి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి వాళ్ళమ్మ బజార్లో చేపలమ్మేది. డిసెక్షన్ మొదటిరోజు ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. వాళ్ళనెవరూ ఏమీ అనలేదు. 'తినేవాళ్ళు కాదు, సున్నితం' అన్నారు. లెక్చరర్ గారు చేపలమ్మే ఆమె కూతుర్ని పిలిచి, "నీకలవాటేగా, నువ్వు మొదలుపెట్టు" అన్నారు. ఆమె మొదలుపెట్టింది. చక్కగా కోసింది కూడా. చాలా ఏళ్ళకి కలిసినప్పుడు ఆ రోజు సంగతి అడిగాను.

"నాక్కూడా కడుపులో తిప్పిందే. నేనూ బయటికెళ్తే చేపలమ్మేదాని కూతురికి ఇదో వేషం అంటారని నిలబడ్డా" అంది. కాసేపాగి, "మా అమ్మ చేపని కూరకి కోస్తది. ఆ కప్పని దేనికి కోశామో నాకిప్పటికీ తెలవదు" అంది.

సున్నితత్వం కూడా కులాన్ని బట్టే పంచారన్నమాట. వరండాలోకి వెళ్ళినవాళ్ళకి దయ ఉన్నట్టు, ట్రే ముందు నిలబడ్డ అమ్మాయికి లేనట్టు ఆ గదిలో అందరూ నమ్మారు. పైగా ఆమె చేతిలో ఉన్న నైపుణ్యం మార్కులున్న నైపుణ్యం కాదు. మార్కులు బొమ్మకి, గీతలు గీసి పేర్లు రాసినందుకు. తల్లి దగ్గర నేర్చుకున్న చెయ్యి ల్యాబులో పనికొచ్చింది, రికార్డులో దానికి చోటు లేదు.

జంతువుల పక్షాన స్త్రీలు మాట్లాడిన చరిత్రలోనూ ఈ చిక్కు ఉంది. 1903లో లిజీ లిండ్ అఫ్ హేగ్‌బీ, లీసా షార్టౌ అనే ఇద్దరు స్వీడిష్ యువతులు లండన్‌లో వైద్య విద్యార్థినులుగా చేరి, బతికున్న జంతువుల్ని కోసి చూపించే ప్రదర్శనలకి వెళ్ళి, చూసింది చూసినట్టు రాసి ప్రచురించారు. ప్రయోగశాల భాష దాచిన కర్తని వెనక్కి తెచ్చిన పుస్తకమది. ప్రదర్శనలో కోసిన గోధుమరంగు కుక్క పేరుతో 1906లో లండన్ బ్యాటర్సీలో విగ్రహం పెడితే, మర్నాటి ఏడాది వైద్య విద్యార్థులు దాని మీదికి దండెత్తారు. స్త్రీల ఓటుహక్కు సభల్లోనూ గొడవ చేశారు. 1910లో విగ్రహాన్ని తీసేశారు. వాళ్ళిద్దరి సాహసం నాకిష్టం. అయితే ఆ పుస్తకం పేరుని తెలుగు చేస్తే 'విజ్ఞానపు కబేళా' అవుతుంది. శాస్త్రవేత్తని తిట్టడానికి దొరికిన మాట కసాయి. అక్కడ అది వర్గాన్ని చెప్పే మాటైతే, మన దగ్గర కులాన్నీ మతాన్నీ కలిపి చెప్పే మాట. మూగజీవాల మీద దయ చూపించడానికి ఆ వృత్తి మీద బతికే మనుషుల్ని తూలనాడే భాషని మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు.

2014లో వచ్చిన మన పదో తరగతి జీవశాస్త్ర పుస్తకంలో మేక గానీ గొర్రె గానీ గుండెని మాంసం కొట్టు నుంచి తెచ్చి కోసి చూసే కృత్యం ఉంది. పాఠం కోసం ప్రత్యేకంగా దేన్నీ చంపనక్కర్లేదు కనక ఇది కప్పని కొయ్యడం కన్నా నయం. మాంసం కొట్టు అన్న మాట సైన్సు పుస్తకంలోకి రావడం కూడా నాకు నచ్చింది. కానీ ఆ కొట్టులో మనిషి గుండె కవాటాల్నీ ధమనుల్నీ రోజూ చేత్తో తాకి ఎరిగినవాడు. అతన్నో, తలకాయా పేగులూ శుభ్రం చేసే అతని భార్యనో ఒక గంట బడికి పిలిచి చూపించమని అడిగితే ఏమవుతుంది? గుండె కొట్టు నుంచి రావచ్చు, మనిషి రాకూడదు అన్నట్టే మన తరగతి గది ఇంకా ఉంది.

డిసెక్షన్ అయ్యాక కొన్ని వారాలకి పర్యావరణం పాఠం చెప్పారు. అందులోనూ కప్ప ఉంది. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. ఈ ఆహారపు గొలుసు గియ్యని తెలుగు పిల్లలుండరు. ట్రేలో కప్పా గొలుసులో కప్పా ఒకటేనని మాత్రం ఏ పాఠమూ చెప్పలేదు. మా కాలేజీకి కప్పల్ని గోనెసంచిలో తెచ్చేది పక్క ఊరి పెద్దాయన. తాతా అని పిలిచేవాళ్ళం. వానాకాలం రాత్రుళ్ళు టార్చిలైటు పట్టుకుని వరిమళ్ళలో పట్టేవాడు. ఒక సంచి కప్పలు వచ్చాయంటే ఏదో మడి గొలుసులో ఒక కొక్కెం ఊడొచ్చిందని అర్థం. ఆ రెండు పాఠాల మధ్య సంచి మోసిన మనిషి ఉన్నాడు. ఆయన రెంటిలోనూ లేడు.

ఇది చిన్న విషయం కాదు. కప్పకాళ్ళ ఎగుమతిని మన దేశం 1987లో నిషేధించింది. పంటకి పట్టే పురుగుల్ని తినే కప్పలు తగ్గిపోతున్నాయన్న ఆందోళన అందుకొక కారణం. కప్ప చర్మంతో కూడా శ్వాసిస్తుందని పాఠం చెప్తుంది, పరీక్షలో అడుగుతుంది కూడా. ఆ చర్మం గుండా మడిలోని మందు కూడా లోపలికి పోతుందన్నది ఆ వాక్యం పక్కనే రాయాల్సిన మాట. అదే నీళ్ళలో పిక్కల్లోతున దిగి, వట్టి కాళ్ళతో నడుం వంచి నాట్లేసేది, కలుపు తీసేది ఆడవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది భూమి లేని దళిత, వెనకబడిన కులాల స్త్రీలు. పాఠంలో 'ఉత్పత్తిదారులు' అంటే పచ్చని మొక్కలు. వరి తనంతట తనే మొలిచినట్టు, ఆ మడిలో మనుషులెవరూ లేనట్టు గొలుసు గీస్తాం. 2014 నాటి పదో తరగతి పుస్తకం కొల్లేరు సంగతి చెప్పింది. ఒక సరస్సు పేరు పెట్టి చెప్పడం ముందడుగే. అక్కడ వల ఎవరిది, చెరువు ఎవరిది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు కూలి పోయిన ఆడవాళ్ళెవరు అన్న ప్రశ్నల్ని మాత్రం టీచర్లే తరగతిలోకి తేవాలి.

పర్యావరణాన్ని కర్తలతో చెప్పడం సాధ్యమేనని మన దగ్గరే ఉదాహరణ ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, బడి చదువు లేనివాళ్ళు, కెమెరా పట్టుకుని వరంగల్ రైతులు బీటీ పత్తితో ఎలా నష్టపోయారో 2003లో డాక్యుమెంటరీ తీశారు. 2008 నుంచి సొంత రేడియో నడిపారు. వాళ్ళు తీసిన చిత్రాల్లో 'విత్తనము వేయబడినది' అన్న వాక్యం వినపడదు. ఎవరు వేశారో, ఎవరు అమ్మారో, అప్పు ఎవరిచ్చారో అన్నీ క్రియ చివరే ఉంటాయి. జీవశాస్త్రానికి ఇంతకన్నా మంచి పాఠం నేను చూడలేదు.

యూనివర్సిటీలూ కాలేజీల్లో జంతువుల డిసెక్షన్‌ని 2014లో యూజీసీ నిషేధించింది. దాన్ని నేను స్వాగతిస్తున్నాను. ఆ కప్పలతో మేం నేర్చుకున్నది బొమ్మలతో, నమూనాలతో నేర్చుకోలేనిదేమీ కాదు. అయితే కంప్యూటర్ తెర మీద కప్పని తెరిచే పిల్లలకి ఇప్పుడు సంచీ లేదు, తాతా లేడు, కడుపులో తిప్పడమూ లేదు. ఒక నొక్కు నొక్కితే తెరుచుకుంటుంది, ఇంకో నొక్కుకి మూసుకుంటుంది. నెత్తురు పోయింది సరే, 'బడు' పోలేదు. బయట మడిలో మందుతో చచ్చే కప్పకి ఈ నిషేధం వల్ల ఒరిగిందీ లేదు.

సైన్సు టీచర్లలో ఈ పత్రిక చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళని నేనడిగేది ఒకటే. రికార్డుని ఉత్తమ పురుషలో రాయించండి. గుండెని నేను కోశాను, ఫలానా కొట్టు నుంచి తెచ్చాను, కోసేటప్పుడు నా చెయ్యి వణికింది లేదా వణకలేదు. ఆహారపు గొలుసు గీసే ముందు పిల్లల్ని దగ్గర్లోని మడికి తీసుకెళ్ళి, కలుపు తీస్తున్న అక్కల్ని అడగనివ్వండి: ఈ మడిలో కప్పల అరుపు ఎన్నేళ్ళ కిందటి దాకా వినపడేది? అది ఆగిన ఏడాది మీరు ఏ మందు కొట్టారు, కొట్టమని చెప్పిందెవరు? వాళ్ళ జవాబులు వాళ్ళ మాటల్లోనే, ఎవరు చెప్పారో పేరుతో సహా రికార్డులో రాయించండి. పిల్లలు తెచ్చే ఆ పేజీలు చదవాలని నాకుంది.